సముద్రానికి దూరంగా ఒక గది

ప్రయాణానికి ఇంకా నెల రోజులుంది. అయినా ఆ శనివారం పొద్దున్నే ఏసుమణి కొడుకు పెట్టె సర్దడం మొదలుపెట్టింది. అడుగున రెండు ఉన్ని స్వెట్టర్లు పరిచింది. వాటి మీద ఆవకాయ సీసాను పాత లుంగీలో చుట్టి పడుకోబెట్టింది. నీళ్లలోకి దిగేవాడికి చెవుల్లో చలి దూరకుండా ఒక మఫ్లరు మడతపెట్టి పక్కన దోపింది.

ఆవిడ భర్త ఒకప్పుడు కాకినాడ రేవులో లాంచీ మీద పనిచేసేవాడు. ఒక పొద్దున అన్నం డబ్బా పట్టుకుని వెళ్లాడు. సాయంత్రానికి డబ్బా ఒక్కటే ఇంటికి వచ్చింది. అప్పటినుంచి ఎవరు గుమ్మం దాటబోతున్నా ఏదో ఒకటి సర్దకపోతే ఏసుమణికి ఊపిరి ఆడదు.

ఇప్పుడు దాటబోతున్నవాడు ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఫ్రాంక్లిన్. సిడ్నీ పక్కన పారమట్టాలో గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం. నలభై దాటాక ఆఫీసు స్నేహితులతో కలిసి, వీపుకి గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలో ఈదడం నేర్చుకున్నాడు. ఆ ఈతగాళ్ల క్లబ్బు ఏటా రాఫిల్ అని ఒక లాటరీ పెడుతుంది. క్లబ్బువాళ్ల బార్బెక్యూ విందులో భార్య హెలెనా మర్యాదకి ఒక టిక్కెట్టు కొంది. దానికే మొదటి బహుమతి వచ్చింది. కరీబియన్‌లో సెయింట్ ఆంబ్రోస్ అనే చిన్న దీవికి ఇద్దరికి విమానం టిక్కెట్లు. బస మాత్రం గెలిచినవాళ్లే చూసుకోవాలి. హెలెనా నర్సు, ఆసుపత్రిలో సెలవు దొరకలేదు. ఫ్రాంక్లిన్ ఒక్కడే వెళ్లేట్టు, ఆ పొద్దున ట్రావెల్ ఏజెన్సీకి పోయి బస ఖాయం చేసేట్టు అనుకున్నారు. శనివారం కాబట్టి ఏజెన్సీ మధ్యాహ్నానికే మూసేస్తారు.

భోజనాల బల్ల మీద ఏజెన్సీవాళ్లిచ్చిన రంగుల బొమ్మల పుస్తకాలు పరిచి ఉన్నాయి.

"ఇదిగో చూడమ్మా. నీళ్లలో కర్రలు పాతి కట్టిన ఇల్లు. వరండాలోంచి మెట్లు దిగడమే," అన్నాడు ఫ్రాంక్లిన్.

"మెట్ల చివర ఏముంది?"

"సముద్రం."

"గేటు పెట్టలేదా?"

"సముద్రానికి గేటేంటమ్మా."

"డాడీ, గో ఫర్ ఇట్. ఇట్స్ రైట్ ఆన్ ద రీఫ్," అంది కూతురు షారన్, టోస్టు నములుతూ.

"రాత్రి నిద్రలో లేచి నడిస్తేనో?" అంది ఏసుమణి.

"నాకు నిద్రలో నడిచే అలవాటు లేదు కదా."

"మనింటి మెట్ల చివర సముద్రం లేదు కాబట్టి మనం ఎప్పుడూ చూసుకోలేదు."

హెలెనా నవ్వు ఆపుకుంటూ ఇంకో పుస్తకం ముందుకు జరిపింది. "ఈ హోటల్ చూడండత్తయ్యా. ఒడ్డు మీదే. లాబీలో సెక్యూరిటీ కూడా ఉంది."

"ఒడ్డంటే నీళ్లకి ఎంత దూరం?"

"ఒడ్డంటే ఒడ్డేనత్తయ్యా."

"పక్కన మనవాళ్లెవరైనా ఉంటారా, అబ్బాయ్?"

"చేపలుంటాయమ్మా," అన్నాడు ఫ్రాంక్లిన్.

ఆ మాటతో ఏసుమణికి గుండె దడ పట్టుకుంది. నిజంగానే పట్టుకుంది, నటన కాదు. హెలెనా బీపీ చూసింది. నిమ్మరసం ఇచ్చింది. ఫ్రాంక్లిన్ తల్లి అరికాళ్లు రుద్దాడు. దడ తగ్గేసరికి ఏజెన్సీ మూసేశారు. సరే, వచ్చే శనివారం చూద్దామన్నాడు ఫ్రాంక్లిన్. ఏసుమణి కళ్లు మూసుకుని, ఒక వారం దొరికిందని లోపల్లోపల సంతోషించింది. సంతోషించినందుకు సిగ్గు కూడా పడింది. ఆ రెండో సంగతి ఎవరికీ తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం తెలుగు క్రైస్తవుల సహవాసం ఒక స్కూలు హాలులో జరుగుతుంది. హెలెనా డ్యూటీలో ఉంది. ఫ్రాంక్లిన్ వెనక వంటగదిలో టీ కాస్తున్నాడు. ప్రార్థన మనవులు చెప్పే సమయంలో ఏసుమణి లేచి నిలబడింది.

"మా అబ్బాయి సెయింట్ ఆంబ్రోస్ అనే దీవికి వెళ్తన్నాడండి. చుట్టూ సముద్రమేనంట. క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థన చెయ్యండి."

సహవాసం కార్యదర్శి నాథన్ పెన్ను తీశాడు. దేనికైనా వివరాలు రాసుకోకుండా ప్రార్థన చేయని మనిషి. "తప్పకుండా ఆంటీ. ఆఫీసు పనా, సువార్త సేవ పనా?"

మనిషి సముద్రం దాటడానికి ఆ హాలులో ఎవరికీ మూడో కారణం తెలియదు. ఆఫీసు పని అందామంటే, ఫ్రాంక్లిన్ ఆఫీసులో పనిచేసేవాళ్లు ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. లాటరీ అందామంటే, లాటరీ జూదంతో సమానమని కిందటి నెల స్త్రీల కూటంలో చదివి వినిపించింది స్వయానా హెలెనా. అందరూ ఏసుమణి వైపు ప్రేమగా చూస్తున్నారు.

"సేవ పనే బాబూ," అని ఆవిడ కూర్చుంది.

హాలంతా హల్లెలూయా అంది. ఏసుమణి ఒక్కతే అనలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుని, వేలు తెల్లబడేదాకా బిగించుకుంది.

ఇంటికి వెళ్తూ కార్లో చెప్పేద్దామనుకుంది. ఫ్రాంక్లిన్ ఈల వేస్తున్నాడు. ఈల ఆగాక చెప్దామనుకుంది. ఇల్లు వచ్చేసింది.

తరువాతి శనివారం ఫ్రాంక్లిన్ కారు తాళాలు తీసుకుని బయటికి రాగానే, గుమ్మం ముందు నాథన్ కనిపించాడు. అతని స్టేషన్ వ్యాగన్ నిండా పాత చీరలు, స్వెట్టర్లు, బైబిళ్లు.

"వందనాలు బ్రదర్. మీరు భలే వినయం, తగ్గింపు గల మనిషి. మాకెవ్వరికీ ఒక్క ముక్క చెప్పలేదు," అన్నాడు నాథన్.

"దేని గురించి?" అన్నాడు ఫ్రాంక్లిన్.

"అదే తగ్గింపంటే. ఆ దీవిలో మన తెలుగు కూలీల సంతతి వాళ్లున్నారంట. మా తాత తమ్ముడు కూడా చెరుకు తోటల్లోకి అటే పోయాడు. అందుకని నేనే ఫోన్లు చేసి కనుక్కున్నాను. మీ బస సెటిల్ అయిపోయింది."

"బసా?"

"మిషన్ హౌసు. ఫ్రీ. కొండ మీద. సముద్రం కనిపించను కూడా కనిపించదంట, ధ్యానానికి చాలా బాగుంటుంది."

ఫ్రాంక్లిన్ మెల్లగా తల తిప్పి చూశాడు. తల్లి కిటికీ తెర వెనక నిలబడి ఉంది. తెర కదులుతోంది గాని మనిషి కదలడం లేదు.

నాథన్ చీరల మూటలన్నీ గరాజులో పెట్టించి, టీ తాగి, ఒక పాట పాడి వెళ్లిపోయాడు. 

"చెప్పేయండి. ఇదంతా తప్పు, సరదాకి వెళ్తున్నానని ఫోన్ చేసి చెప్పేయండి," అంది హెలెనా.

"టిక్కెట్టు ఎలా వచ్చిందంటే ఏం చెప్పను? కొన్నది నువ్వు."

హెలెనా కూర్చుంది. ఫ్రాంక్లిన్ కూడా కూర్చున్నాడు.

"అమ్మా, నీకెందుకమ్మా ఈ పని?"

"కొండ మీద గదంట కదరా," అంది ఏసుమణి, నేల వైపు చూస్తూ. "అది మటుకు బాగుంది."

దాంతో బస నిర్ణయం అయిపోయింది. ఫ్రాంక్లిన్ మనసులో వేరే లెక్క వేసుకున్నాడు. పడక కొండ మీద పెట్టుకుని, పొద్దున్నే దిగివెళ్లి ఈదొచ్చు. క్లబ్బు ప్రెసిడెంటు కెవిన్ అక్కడి ఈత కేంద్రంలో డబ్బు కట్టి అతని పేరు ఎలాగూ రాయించాడు. ఆ లెక్క అతని ముఖంలో ఏసుమణికి కనిపించింది. కొడుకుల ముఖాలు చదవడానికి బడికి పోనక్కర్లేదు.

ఆ ఆదివారమే ఆవిడ ఎలియాజర్ గారిని పక్కకి పిలిచింది. ఆయన రాజమండ్రిలో రైల్వే గార్డుగా రిటైరై, భార్య పోయాక కూతురు జ్ఞానప్రసూన దగ్గరికి వచ్చి పారమట్టాలో ఉంటున్నాడు. జ్ఞానప్రసూన బ్యాంకులో ఆఫీసరు. పొద్దున వెళ్తే సాయంత్రానికి గాని రాదు. అప్పటిదాకా ఆయన టీవీలో వాతావరణం చూస్తూ ఉంటాడు. సిడ్నీ వాతావరణమే కాదు, పెర్త్‌ది కూడా.

"అన్నయ్యగారూ, రెండో టిక్కెట్టు ఖాళీగా ఉంది. మీరు తోడు వెళ్తారా? సేవకి ఇద్దరిద్దరుగా వెళ్లాలంటారు కదా," అంది ఏసుమణి.

"నాకు సేవ ఏం తెలుసు చెల్లెమ్మా. పచ్చ జెండా ఊపడం తెలుసు."

"ఎర్ర జెండా కూడా తెలుసు కదండి. వాణ్ణి నీళ్లలోకి దిగనివ్వకండి. అంతే."

ఆయన ఆవిడ ముఖం చూశాడు. సేవ సంగతి అబద్ధమని అర్థమైనట్టుంది. అయినా, "నాకు చేపల పులుసు దొరుకుతుందా అక్కడ?" అన్నాడు.

"దీవి కదండి."

"అయితే వెళ్తాను."

జ్ఞానప్రసూన ఒప్పుకోలేదు. ఆయనకి మోకాళ్ల నొప్పులంది, పాస్‌పోర్టు ఎక్కడుందో తెలియదంది. ఏసుమణి స్వయంగా వాళ్లింటికి వెళ్లి, ఆవిడ చేతులు పట్టుకుని, "మా అబ్బాయితోపాటే తిరిగొచ్చేస్తారమ్మా, పూచీ నాది," అంది. రెండో పెట్టె కూడా తనే సర్దింది.

ఏప్రిల్‌లో ప్రయాణం. ఎయిర్‌పోర్టుకు సహవాసమంతా వచ్చింది. పిల్లలు పాట పాడారు. నాథన్ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. సువార్త దీపం, చీకటి దీవులు అని చాలాసేపు వెళ్లాక, వెనకనుంచి ఎవరో ఫ్రాంక్లిన్ వీపు మీద చరిచారు. నిక్కరు, రబ్బరు చెప్పులు, చేతిలో చేప తోకల్లాంటి ఈత తొడుగులు. కెవిన్.

"ఫ్రాంకీ, మేట్. యూ ఫర్గాట్ యువర్ ఫిన్స్."

నాథన్ కళ్లు తెరిచాడు. కెవిన్ అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. "లక్కీ బగ్గర్, ఈజ్‌న్ట్ హీ? ఫస్ట్ ప్రైజ్ ఇన్ ద రాఫిల్. మిసెస్ బాట్ ద టికెట్."

పిల్లలు పాట మధ్యలో ఆపేశారు. అందరూ హెలెనా వైపు చూశారు, తరువాత ఫ్రాంక్లిన్ వైపు, చివరికి ఏసుమణి వైపు. ఆ చూపుల్లో కోపం లేదు. కోపం ఉంటే ఆవిడ తట్టుకునేది. ముందు వరసలో కూర్చునే ముసలావిడ ఒకరు తను ఇచ్చిన చీర మూట వైపు చూసి, మళ్లీ చూపు తిప్పేసుకుంది. ఏసుమణికి తన చెప్పుల్లో తనే దాక్కోవాలనిపించింది.

"నేనే చెప్పాను బాబూ ఆ అబద్ధం. వాడికి తెలీదు," అంది.

నాథన్ గొంతు సవరించుకున్నాడు. "ప్రార్థన... ఆమెన్," అన్నాడు. అతని జీవితంలో అంత పొట్టి ప్రార్థన అదే.

"మరి మా నాన్నెందుకు వెళ్తున్నట్టు?" అంది జ్ఞానప్రసూన.

ఎలియాజర్ గారు అప్పటికే బోర్డింగు కార్డు జేబులో పెట్టుకున్నాడు. "టిక్కెట్టు ఎలా వస్తే ఏంటమ్మా. మనిషి బండెక్కాక ఇంక దింపకూడదు," అని, చెయ్యి ఊపి, అందరికంటే ముందు లోపలికి నడిచాడు.

ఆ తరువాతి ఆదివారం హెలెనా స్త్రీల కూటానికి వెళ్లలేదు. ఏసుమణి వెళ్లింది, చివరి కుర్చీలో కూర్చుంది. అందరూ ఎప్పటిలాగే పలకరించారు. టీ అందించారు, బిస్కెట్లు కూడా ఇచ్చారు. ఆవిడ ఆ బిస్కెట్లు కొంగున కట్టుకుని అలాగే ఇంటికి తెచ్చింది.

ఫోను ఆ సాయంత్రం వచ్చింది. లైన్లో గాలి హోరు.

"అమ్మా, నేనే. కొండ మీదే ఉన్నాను. విమానంలో చెవి పట్టేసి వాచిపోయింది. ఇంటికొచ్చేదాకా నీళ్లు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు."

ఏసుమణి ఫోను గుండెకు ఆనించుకుని దేవుడికి స్తోత్రం చెప్పింది. సంతోషించకూడదని తెలుసు. అయినా సంతోషించింది. కొడుకు చెవి వాచినందుకు ఇంత హాయిగా ఉన్న తల్లి ఎక్కడైనా ఉంటుందా అని మళ్లీ సిగ్గుపడింది.

"మరేం చేస్తన్నావురా పగలంతా?"

"చీరలు పంచుతున్నాను. మిషన్ హౌసుకి రోజూ మనుషులొస్తున్నారు. ఒకామె చీరని కిటికీకి కట్టుకుంది. స్వెట్టర్లు మాత్రం ఎవరూ తీసుకోవట్లేదమ్మా, ఇక్కడ ఉడికిపోతోంది."

"సేవే కదరా అది," అంది ఏసుమణి సన్నగా. "ఎలియాజర్ గారేరి?"



"ఆయన నీళ్లలో ఉన్నారమ్మా."

జరిగింది ఇదీ. ఏసుమణికి ఇచ్చిన మాట ప్రకారం, ఫ్రాంక్లిన్ పేరు కొట్టేయించడానికి ఎలియాజర్ గారు దీవికి చేరిన మర్నాడే ఈత కేంద్రానికి దిగివెళ్లాడు. పేరు కొట్టేస్తే కట్టిన డబ్బు తిరిగి ఇవ్వం, కావాలంటే మీరు దిగండి అంది అక్కడి ఆవిడ. చిన్నప్పుడు గోదావరి ఈదిన మనిషి. ఒడ్డునే నడుంలోతు నీళ్లలో ఒకసారి మొహం ముంచి చూస్తానన్నాడు. మధ్యాహ్నం అన్నం వేళకి కూడా పైకి రాలేదు. నీళ్లలో మోకాళ్లు నొప్పి పుట్టడం లేదట. మూడోనాడు పెట్టె తీసుకుని, నీళ్లలో కర్రలు పాతి కట్టిన ఇంటికి మారిపోయాడు.

"నువ్వు ఆపలేదా?" అంది ఏసుమణి.

"ఆపాను. 'నిన్ను చూసుకోమన్నారు గాని నన్నెవరు చూసుకోమన్నారు' అన్నారు."

మే నెలలో, ఫ్రాంక్లిన్ విమానం దిగే రోజున, జ్ఞానప్రసూన తండ్రి కోటు చేతి మీద వేసుకుని వచ్చింది. సిడ్నీలో చలి మొదలైంది. ఏసుమణి ఆవిడ పక్కనే నిలబడింది. తలుపులు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి ముందుకు వంగేవారు. చివరికి ఫ్రాంక్లిన్ వచ్చాడు, ఒక చెవిలో దూది, ఒకటే పెట్టె.

"నాన్నేరి?" అంది జ్ఞానప్రసూన.

"ఇంకొన్నాళ్లు ఉంటానన్నారక్కా. మిషన్ వాళ్లు ఏదో పని కూడా ఇచ్చారు. నేను చాలా చెప్పాను."

"ఏమన్నారు?"

ఫ్రాంక్లిన్ తడబడ్డాడు. "నీళ్ల కింద ఎవరూ మాట్లాడరట గాని, ఒక్కణ్ణే ఉన్నట్టు అనిపించదట. అది నీతో చెప్పమన్నారు."

జ్ఞానప్రసూన కోటును జాగ్రత్తగా రెండు మడతలు వేసింది. మళ్లీ విప్పి, మళ్లీ వేసింది. అప్పుడు ఏసుమణి వైపు తిరిగింది.

"మీ అబ్బాయిని చూసుకోడానికే కదా ఆంటీ మా నాన్న వెళ్లింది."

"అవునమ్మా."

"మీ అబ్బాయి వచ్చాడు."

పక్కన కొడుకు ప్రాణంతో నిలబడి ఉన్నాడు, చెయ్యి చాస్తే తగులుతాడు. అయినా ఆ రోజు ఆవిడ చెయ్యి చాచలేదు.

ఫ్రాంక్లిన్ 1990 మే నెలలో తిరిగి వచ్చాడు. అదే విమానంలో రావలసిన ఎలియాజర్ గారు రాలేదు, ఆ తరువాత వచ్చిన ఏ విమానంలోనూ రాలేదు.