మూతలో నిప్పులు

"ఇవాళ ఆ రంపం నీ వేలు తినకుండా వదలదే, నా మాట రాసి పెట్టుకో!"

నానిన చూన్యో ఎండు దుంపలు పిండుతూ నికాసియా పొద్దున్నే మొదలుపెట్టింది. కూతురు నైరాకు ఈ మాట కొత్త కాదు. ఎల్ ఆల్తో ఊళ్లోని బెంచీల కార్ఖానాలో ఆ పిల్ల రంపం మిషను దగ్గర చేరి ఏడు నెలలైంది. ఆ ఏడు నెలలూ తల్లి రోజుకో వేలి కోసం ముందుగానే ఏడ్చి పెట్టుకుంటోంది.

"ఇవాళ కార్నివాల్ పండగ శుక్రవారమమ్మా. మధ్యాహ్నం దాకానే పని. ఆ తర్వాత మిషన్లకు రిబ్బన్లు కట్టి, బీరు చిలకరించి చల్యా పూజ చేసి, తలో గ్లాసు తాగి వచ్చేస్తాం."

"మీ మేస్త్రీది మధ్యాహ్నం దాకా ఆగే మొహమేనా? పదింటికే సీసా తీస్తాడు. తాగిన చేతులు, మూత లేని రంపం! పోనీ నేనల్లిన ఉన్ని తొడుగులైనా వేసుకోవే."

"ఎన్నిసార్లు చెప్పాలి? తొడుగు పోగు రంపం పంటికి చిక్కిందంటే చెయ్యి మొత్తం లాక్కుపోతుంది. నువ్విచ్చిన శాలువా అంతే, మెడలో కట్టిన తాయెత్తూ అంతే. రంపం కన్నా నీ ప్రేమే ప్రమాదంగా ఉంది తల్లీ! కార్ఖానాలో అందరూ ఆ తొడుగుల గురించే నవ్వుకుంటున్నారు."

నికాసియా నొచ్చుకోలేదు. నిశ్చయించుకుంది. పదింటికి కూతురికి తిండి పట్టుకెళ్లాలి, రంపానికి మూత పెట్టించాలి, తిరిగి రావాలి. వచ్చే మంగళవారం చేసే ఇంటి చల్యా కోసం కొన్న రంగు కాగితపు రిబ్బన్లు సంచిలోనే ఉండిపోయాయి. దేనికైనా మంచిదని తొడుగులు కూడా అందులోనే పడేసింది.

కార్ఖానాలో అడుగు పెట్టగానే మూత కనబడింది. రంపం మీద కాదు. ఓ మూల తలకిందులుగా, నిండా నిప్పులతో, భూమితల్లి పచమామాకు ధూపం వేస్తూ.

"మేస్త్రీ గారూ, అది మా అమ్మాయి రంపం మూత కదూ?"

"అదేనమ్మా దోన్యా," అన్నాడు మేస్త్రీ తిబుర్సియో, గ్లాసు వెనక్కి దాచుకుంటూ. "అది పెడితే పని నత్తలా సాగుతుంది. అయినా ఇక్కడ ధూపం వేస్తూ మాత్రం అది చేసేది రక్షించే పని కాదూ? పన్నెండింటికి లారీ వస్తుంది, బడి బెంచీలు ఇంకా ముప్పై ఉన్నాయి. కాస్త పక్కకు జరగండి."

నైరా మిషను మీట మీద చెయ్యి వేసింది. నికాసియా కళ్ల ముందు అయిదు వేళ్లూ ఒక్కసారే ఎగిరిపడ్డాయి. ఏం చేస్తున్నదీ తనకే తెలిసేలోగా కూతురి చెయ్యి పక్కకు నెట్టి, సంచిలోంచి రిబ్బన్ల చుట్ట లాగి, మీటను కదలకుండా చుట్టి, పదమూడు ముళ్లు వేసేసింది.

చెక్కలకు నునుపు పట్టే రుఫీనా ఆ ముళ్లు మాత్రమే చూసింది. "ఓలమ్మో, చల్యా మొదలెట్టేశారర్రా!" అని కేకేసింది.

ఇంకేముంది, మిగతా మిషన్లన్నిటికీ రిబ్బన్లు పడ్డాయి. బీరు చిలకరించారు, చిలకరించినదాని కన్నా ఎక్కువ తాగారు. పెరట్లో టపాకాయలు పేలాయి. అవి విని పక్కనున్న ఇనప పనివాళ్లు, వాళ్లను చూసి ఎదురుగా ఉన్న టైర్ల వాళ్లు పని కట్టిపెట్టేశారు. ముందుగా వచ్చిన లారీ డ్రైవరు బండి అద్దానికి రిబ్బను కట్టించుకుని, గ్లాసు పట్టుకుని తీరిగ్గా కూర్చున్నాడు. ఇప్పుడు నికాసియాకు లారీ భయం కూడా పట్టుకుంది. వెళ్లి అతని తాళంచెవి లాక్కుని నడుములో దోపుకుంది.

"ఎవరు మొదలెట్టారిది?" తిబుర్సియో గొంతు చించుకున్నాడు. "బెంచీలు మీ తాత కోస్తాడా? విప్పండి ముందు!"

ఒక్కరూ కదల్లేదు. పచమామా పేరున కట్టిన రిబ్బను దానంతటదే రాలాలి. మనిషి చేత్తో పీకితే కీడని అందరికీ తెలుసు. ఏం కీడో మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"పిరికి సన్నాసులు! నేనే కత్తిరిస్తా." తిబుర్సియో కత్తెర అందుకున్నాడు.

"కత్తిరించండి నాయనా," అంది నికాసియా, మీటకు అడ్డంగా నిలబడి. "ముందోసారి మీ వేళ్లు లెక్కపెట్టుకోండి."

తిబుర్సియోకు ఉన్నవి తొమ్మిదే. పదోది పటాలంలో కుక్క కొరికేసిందని పదేళ్లుగా చెబుతున్నాడు. ఏటేటా ఆ కుక్క పెద్దదవుతోంది.

"అంత తిన్నగా, గీత గీసినట్టు కొరికే కుక్కేమిటి మేస్త్రీ గారూ? దాని నోట్లో పళ్లు గుండ్రంగా తిరిగేవా?"

ఎవరో కిసుక్కున నవ్వి, ఆపేశారు.

"అడుగుతున్నా చెప్పండి. నేనూ ఒక పిల్ల తల్లిని. మీ వేలు పోయిన రోజున మూత ఉందా, లేదా?"

రుఫీనా గ్లాసు దించింది. తిబుర్సియో కత్తెర వంక చూశాడు, రంపం వంక చూశాడు. తర్వాత నైరా చేతుల వంక చూస్తూ ఉండిపోయాడు, పదీ లెక్కపెడుతున్నవాడిలా. కత్తెర బల్ల మీద పెట్టి మూలకు నడిచాడు. మూతను కాలితో తన్ని నిప్పులు నేల మీద బోర్లించాడు. దాన్ని పట్టుకోబోయి, చుర్రుమనడంతో చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"కుక్కా లేదు, మూతా లేదు," అన్నాడు చివరికి. "ఇది ఇంకా కాలుతోంది దోన్యా. మీరల్లిన ఆ తొడుగులేవీ, ఇలా ఇవ్వండి."