డేవిడ్ సార్ వైన్‌లో గ్యాస్ తీసిన రోజు

క్రిస్మస్‌కు ముందటి శనివారం పొద్దున డేవిడ్‌కు ఒకటే పని. ఇంట్లో చేసిన ద్రాక్ష వైన్‌లోంచి గ్యాస్ తీసేయాలి. అతడు ఎల్లారెడ్డిలో సైన్సు టీచరు. పోయిన ఏడాది చేసిన వైన్ తాగిన బావమరిది రాజ్‌కుమార్, "బావా, సోడా మంచిగున్నది" అన్నాడు. ఈసారి మధ్యాహ్నం అతడు భోజనానికి వచ్చేలోగా వైన్‌లో ఒక్క బుడగ కూడా మిగలకూడదు.

అందుకే డేవిడ్ కామారెడ్డి వెళ్లి, ఫ్రిజ్‌లు బాగుచేసే తిరుపతి దగ్గర గాలి లాగే వాక్యూం పంపు అడిగి తెచ్చాడు.

"గరిటెతోని కలిపితే పోదా గ్యాస్?" అంది భార్య కృపాజ్యోతి.

"పోతది. గానీ నేను సైన్సు చదివిన గదా" అన్నాడు డేవిడ్.

వైన్ నిండుగా ఉన్న పెద్ద నీళ్ల క్యాన్ మూతికి గొట్టం బిగించి, చుట్టూ టేపు వేసి, స్విచ్ నొక్కాడు. బుడగలు లేచాయి. డేవిడ్ మురిసిపోయాడు. బుడగలు నురగై గొట్టంలోకి ఎక్కాయి. ఆపుదామని వంగేలోపే ప్లాస్టిక్ క్యాన్ డొక్కలు ఢామ్మని లోపలికి పోయాయి. పంపులోంచి వైన్ ఎర్రగా చిమ్మి అతడి ముఖాన్నీ తెల్ల బనియనునూ తడిపేసింది.

చప్పుడుకు పక్కింటి ఈరవ్వ గోడ మీదుగా తొంగిచూసింది. "సారు తల పలిగింది" అని వాడంతా వినిపించేలా అరిచి, 108కు ఫోన్ చేయించింది.

"రక్తం గాదవ్వ, వైను" అన్నాడు డేవిడ్.

"దెబ్బకు మతి గూడ పోయింది" అంది ఈరవ్వ, చుట్టూ చేరినవాళ్లతో.

అంబులెన్సులో వచ్చినతను దూదితో తుడిచి, ఆ దూదిని వాసన చూశాడు. "దెబ్బ ఏడ తాకింది సార్?"

"ఇజ్జత్‌కు తాకింది. పైకి కనబడది."

ఎలాగూ వచ్చానని అతను బీపీ చూశాడు. మళ్లీ ఇంకోసారి చూశాడు. ముఖంలో నవ్వు పోయింది. "సార్, బండెక్కుండ్రి."

"నాకేం గాలే."

"మీకు తెల్వకుండనే అయితున్నది. బీపీ రెండు వందలకు తక్కువ లేదు."

ఆసుపత్రిలో డాక్టరు, ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే ప్రమాదమయ్యేదన్నాడు. ఆ మాటకు కృపాజ్యోతి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇన్నాళ్లూ తలనొప్పిని బడిపిల్లల అల్లరి మీదకు తోసేసిన సంగతి డేవిడ్ అప్పుడు ఒప్పుకున్నాడు. తాగుడు, ఉప్పు రెండూ బందన్నాడు డాక్టరు.

సాయంత్రం రాజ్‌కుమార్ మంచం పక్కన కూర్చొని చెయ్యి పట్టుకున్నాడు. "ఫికర్ చెయ్యకు బావా. క్యాన్‌ల మిగిలింది అందరం తాగినం. మస్తు కుదిరింది."

"నాకేమన్న ఉంచిండ్రా?"

"నీకు బందన్నరు గద."

డేవిడ్ తలూపి, నర్సు తెచ్చిన ఉప్పు లేని ఉప్మా ముందుకు లాక్కున్నాడు.