మా ఇంటి కళాకారుడికి శాలువా

రిటైరైన ప్రతి మగవాడి చేతికీ పెన్షన్ కాగితాలతో పాటు ఒక ఊలు ఉండ, ఒక క్రోషే సూది ఇచ్చి తీరాలి! ఇది నా డిమాండ్. చట్టం చేసేస్తే మరీ మంచిది.

ఎందుకంటారా? ఒకసారి మా ఇంటికి రండి. చిత్తూరు బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాలు. గేటు గొళ్లేనికి ఊదారంగు ఊలు తొడుగు ఉన్న ఇల్లు ఏదంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు.

మా ఆయన ఆదిమూలం ముప్ఫై నాలుగేళ్లు బస్సు కండక్టరుగా చేశారు. రిటైరయ్యాక మూడు నెలలు నా వంటింటిని చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌లా చెక్ చేశారు. చింతపండు ఎందుకంత నానబెట్టావు, గ్యాసు మంట ఎందుకంత పెట్టావు! ఆ తర్వాత దేవుడు కరుణించాడు. యూట్యూబ్‌లో క్రోషే నేర్పే తమిళ చానెల్ ఒకటి ఆయన కంటబడింది. ఆ రోజు నుంచి వంటింటి గడప తొక్కలేదు. ఇంతకన్నా వరం ఏం కావాలి చెప్పండి?

బయట నలభై రెండు డిగ్రీల ఎండ. లోపల మా మిక్సీకి స్వెటర్, ఫ్రిజ్ పిడికి సాక్సు, టీవీ రిమోట్‌కి కంబళి! కరెంటు పోతే మేం చెమటతో తడిసిపోతాం గానీ, మా రిమోట్‌కి ఈ జన్మలో జలుబు చేయదు.

ఇంట్లో గొడవలు కూడా తగ్గాయి. ఆయన కుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరన్నా పలకరిస్తే లెక్క తప్పుతుంది. తప్పితే మొత్తం ఊడదీసి మొదటినుంచి మొదలుపెడతారు. నలభై మంది ప్రయాణికుల మధ్య తప్పని లెక్క, నేను "కాఫీ తాగుతావా" అంటే తప్పిపోతుంది. అందుకని అడగడం మానేశాను. డికాక్షన్ కూడా మిగులుతోంది.

ఇక మా మనవడు బాలచంద్ర టోపీ సంగతి చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. వాడికి తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాలనుకున్నాం. లేత గుండు, ఎండ తగలకూడదని తాతగారు టోపీ అల్లారు. కొలత ఉజ్జాయింపుగా కాదు, టేపు పెట్టి పద్ధతిగానే తీసుకున్నారు. కాకపోతే వాడి ఒత్తు జుట్టు మీద తీసుకున్నారు!

కొండమీద గుండు చేయించి, గంధం రాసి, టోపీ పెట్టాం. అది కళ్లు దాటి, ముక్కు దాటి, మెడ దగ్గర ఆగింది. గంధమంతా ఊలుకి అంటుకుంది, ఊలు పీచంతా పిల్లాడి మొహానికి అంటుకుంది. వాడు పెట్టిన కేకకు క్యూలో వాళ్లు కూడా వెనక్కి తిరిగారు. మా అమ్మాయి భానుప్రియ మాత్రం ఫోటో తీసి, "నాయన అల్లిన మఫ్లర్" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. అందరూ హార్టులు కొట్టారు. ఒకే కొలతతో టోపీ, మఫ్లరూ రెండూ వచ్చే విద్య ఏ టైలరుకుంది?

పెరట్లో తోతాపురి మామిడి పిందెలకు ఊలు సంచులు కూడా తొడిగారు. పిందెలు కాయలయ్యాయి, సంచులు మాత్రం పెరగలేదు. చివరికి కత్తెర పెట్టి విడిపించాను. కాయలమీద అల్లిక గుర్తులు అచ్చుగుద్దినట్టు పడ్డాయి. వాటిని చూసి కాలనీ సంఘం ప్రెసిడెంట్ సుబ్రమణ్యం నోరు తెరిచాడు. "సూడక్కా, మా అన్న చేతిలో ఎంత కళ ఉండాదో! నువ్వు అదృష్టవంతురాలివి" అన్నాడు.

అదృష్టవంతురాలినే, కాదనను. సూది నాకూ కొంచెం తెలుసు లెండి. చిల్లర బరువుకి ఆయన ఖాకీ ప్యాంటు జేబులు నెలకోసారి చిరిగేవి, కుట్టేదాన్ని. టికెట్ల సంచి పట్టీ తెగితే కుట్టేదాన్ని. కాలరు అరిగితే ఊడదీసి, తిరగేసి, కొత్తదానిలా కుట్టేదాన్ని. భానుప్రియ పెరిగినకొద్దీ స్కూలు గౌను మడత విప్పి పొడవు పెంచేదాన్ని. అయినా అదంతా కళ కాదు, ఇంటి పని. రెండింటికీ తేడా తెలియనంత మూర్ఖురాలిని కాను.

మొన్న ఆదివారం కాలనీ సంఘం వాళ్లు ఆయనకు సన్మానం పెట్టారు. "మొగోడై పుట్టి సూది పట్టినాడంటే మాటలా? ఎంత ఓపికుండాల!" అని సుబ్రమణ్యం మైకులో గొంతు చించుకున్నాడు. శాలువా కప్పారు, చప్పట్లు మోగాయి. రెండో వరసలో కూర్చుని నేనూ కొట్టాను. నిజం చెప్పొద్దూ, కడుపు కాస్త మండింది.

ఇంటికొచ్చాక ఆయన శాలువా తీసి నా ఒళ్లో పడేశారు.

"ఏమే, అంచు ఊడిపోతా ఉండాది. కొంచెం కుట్టిపెట్టు."

"అంత పెద్ద కళాకారుడివి గదా, నువ్వే కుట్టుకోరాదా?"

"అది కుట్టుపని గదే! నాది కళ."

ఆ మాటతో నాకు జ్ఞానోదయమైంది. ఇన్నేళ్లూ నేను చేసిన తప్పేమిటో తెలిసింది. కుట్టు కనబడకుండా కుట్టాను! కనబడని దానికి చప్పట్లు ఎవరు కొడతారు? అందుకే ఈసారి ఆయన డబ్బాలోంచి ఎర్ర ఊలు తీసి, వీధి చివరికి కూడా కనబడేలా, వంకరటింకరగా, ఒక కుట్టు తూర్పుకీ ఒక కుట్టు పడమరకీ పోయేలా కుట్టి ఇచ్చాను.

మర్నాడు పొద్దున ఆయన అది కప్పుకుని గేటు దగ్గర నిలబడ్డారు. నేను వాకిలి ఊడుస్తున్నాను. వాకింగుకు పోతున్న సుబ్రమణ్యం టక్కున ఆగాడు.

"అన్నా! ఈ ఎర్రంచు కొత్త డిజైనా? యాడ నేర్చినావప్పా?"

మా ఆయన నా వైపు చూశారు. నా చేతిలో చీపురు వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు.

"అవునప్పా. ఇంకా ప్రాక్టీసులోనే ఉండాది."

కాబట్టి పాఠకులారా, నా డిమాండ్‌కి ఒక చిన్న సవరణ. ఊలు ఉండ ఇవ్వండి, సూది ఇవ్వండి, మైకు కూడా ఇవ్వండి. శాలువా మాత్రం కుట్టినవాళ్లకే కప్పండి. అంచు ఊడినదైనా పరవాలేదు, కుట్టుకోవడం నాకు వచ్చు.