వెటకార నిర్మూలనలో మా బావ

"ఈ నెలాఖరుకల్లా దేశంలో వెటకారమన్నది లేకుండా చేస్తాం" అని సాంస్కృతిక శాఖ మంత్రిగారు సభలో ప్రకటించారు. కరువూ, జబ్బులూ ఎలాగూ పోవు కనక, పోయేదాన్నే పట్టుకున్న ఆయన ముందుచూపుకి నేను చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాను.

మొదటి కేసు మా బావదే. మా అక్క మొగుడు, స్కూల్లో తెలుగు మాస్టారు. ఆ సభలోనే మంత్రిగారి మీద పద్యం చదివాడు: ఆయన మాట తప్పరని, చెయ్యి చాపరని, అయినవాళ్ళకి పదవులివ్వరని. ఒట్టు, మనస్ఫూర్తిగానే రాశాడు. పేపర్లో వచ్చిందల్లా నమ్మే మనిషి. మూడో పాదానికి హాలంతా పగలబడి నవ్వింది. సాయంత్రానికి సస్పెన్షన్ ఆర్డరు ఇంటికొచ్చింది.

అక్క ఏడుస్తూ సాంస్కృతిక శాఖలో మా డైరెక్టరుగారి దగ్గరికొచ్చింది. నేను ఆ ఆఫీసులోనే టైపిస్టుని.

"ఇందులో వెటకారం ఎక్కడుందండీ?"

"మంత్రిగారు లంచం పుచ్చుకోరన్నాడు కదమ్మా!"

"పుచ్చుకుంటారా?"

డైరెక్టరుగారు లేచి, తలుపేసి వచ్చారు. "ఆ ప్రశ్న ఫైల్లో రాయలేం తల్లీ."

నిజమే. వెటకారమని రాస్తే మంత్రిగారు తింటారని ఒప్పుకున్నట్టు. కాదని రాస్తే నవ్వినవాళ్ళది తప్పవుతుంది, అందరికన్నా ముందు నవ్వింది మంత్రిగారి బావమరిది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

చివరికి ఓ మహాపండితుణ్ణి పిలిపించారు. ఆయన రెండు టీలు తాగి సెలవిచ్చారు: "పొగడ్తలో తిట్టు దాక్కోవచ్చు, తిట్టులో పొగడ్తా దాక్కోవచ్చు. ఈ రెండోదాన్ని నిందాస్తుతి అంటాం. భక్తులు దేవుణ్ణి ఎన్నేసి మాటలన్నారు! ఒక్క దేవుడైనా కంప్లైంటిచ్చాడా?"

దేవుడితో పోలిక మంత్రిగారికి తెగ నచ్చేసింది. ఆ రోజే సర్క్యులర్: ఇకపై మంత్రిగారిని ఎవరూ పొగడరాదు, తిట్టడమే భక్తి, ఆదివారం ఉదయం సామూహిక నిందాస్తుతి. నేనే టైపు చేశాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

ఆదివారం హాలు పట్టనంత జనం. రోడ్డు కాంట్రాక్టరు గొంతు పోయేదాకా తిట్టాడు. ఆస్పత్రి నర్సమ్మ కాగితం చూడకుండా ఇరవై నిమిషాలు తిట్టింది. మా డైరెక్టరుగారైతే కన్నీళ్ళు పెట్టుకుని మరీ తిట్టారు. పదేళ్ళుగా దాచుకున్న భక్తి, పాపం! మంత్రిగారు చేతులు జోడించి, "ఎంత ప్రేమ! ఎంత ప్రేమ!" అంటూ మురిసిపోయారు.

ఆఖర్న మా బావ. రెండు తిట్లు తిడితే ఉద్యోగం వెనక్కిస్తామన్నారు. ముందురోజంతా అక్క చిలక్కి చెప్పినట్టు చెప్పి నేర్పింది. తిట్లలో ఆవిడకి పద్నాలుగేళ్ళ అనుభవం, అన్నీ బావ మీద చేసిందే.

మైకు ముందు బావ చెమటలు తుడుచుకున్నాడు. ముందు వరసలో అక్క పెదాలు కదుపుతూ అందిస్తూనే ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"క్షమించండి" అన్నాడు చివరికి. "నాకు మీరంటే నిజంగానే గౌరవమండీ. తిట్టడానికి నోరు రావట్లేదు."

రెండు గంటల తిట్లకి చెక్కుచెదరని మంత్రిగారి మొహం కందగడ్డలా అయింది.

"చూశారా," అన్నారు వణుకుతూ, "నలుగురిలో ఎంత మాటన్నాడో!"