వెల్లుల్లి ఆవపై ఎవరెట్ దండయాత్ర

మంచు కరగి దారులన్నియు బురదగుంటలైన మే మాసమున, ఉత్తరదిక్సీమాలంకారమగు మినెసోటా రాజ్యమున, సకలశాస్త్రములను తలకొక పిడికెడు చొప్పున వడ్డించు ఒకానొక చిన్న కళాశాల వెనుకటి మేపుల్ వనమున, గురువారపు భోజనానంతరము జరిగిన ఘోరసంగ్రామమును చెప్పబూనితిని. దోమలు ముసరక మునుపే వినుడు.

శత్రువు వెల్లుల్లి ఆవ యను కలుపు మొక్క. ఒకప్పుడు కూరాకుగా సముద్రము దాటి వచ్చి, పెరటి కంచె దూకి, అడవిపూల నోటికాడి ఎండను కాజేయు ఈ శ్వేతపుష్పకిరీటధారి, దంతురపత్రకవచుడు, వక్రమూలబలుడు, ఎంత నిక్కినను మోకాలు దాటడు. వేరు నడుమ తెగెనా, మరల మొలచును. వానిని గుర్తించుటకు పర్యావరణవిద్యాచార్య, రబ్బరుబూట్ల రాణి మార్గిట్ హాల్వర్సన్ నేర్పిన సూత్రమొక్కటే: ఆకు నలుపుము, ఆఘ్రాణింపుము, వెల్లుల్లి కంపు కొట్టినచో పెరుకుము.

ఈ సూత్రమే మొదటి యేటి విద్యార్థి, మహావీరుడు ఎవరెట్ లిండ్‌బ్లాడ్ కొంప ముంచినది. గడచిన గురువారము భోజనశాలలో వెల్లుల్లి రొట్టె వడ్డింపగా, జఠరాగ్నిజ్వాలాదందహ్యమానుడై, వేళ్ళ వెంట వెన్న కారునట్లు ఆరగించి, చేతులు ప్యాంటుకు తుడుచుకొని అతడు వనమునకేగెను. నలిపిన ఆకెల్ల వెల్లుల్లి కంపే. అడవియంతయు శత్రుమయమని తలచి, మార్గిట్ ఏండ్ల తరబడి పెంచుకొన్న వయొలెట్ పూల మడిని సమూలముగ ఊడబెరికి, మేపుల్ మొలకపై చేయి వేయబోగా, సహాధ్యాయిని ఇనెజ్ చొక్కా పట్టి వెనుకకు లాగెను.

ఆచార్య తిట్టలేదు. ఖాళీ మడిని చూచి, “అలాగా. ఇదో కొత్త రకం పద్ధతి,” అని మాత్రము పలికెను. ఆ రాజ్యమున అంతకు మించిన తిట్టు లేదు. మరల తప్పినచో సెమిస్టరు ముగియువరకు పెరుకు పని మాన్పించి, పెరికిన మొక్కల సంచి పట్టుకొను పని అప్పగింతునని కూడ మెల్లగా చెప్పెను. వీరుడు సిగ్గుతో చచ్చిపోయెను, పాపము.

కావున ఈ గురువారము మరల అదే రొట్టె ఘుమఘుమలాడినను, ఎవరెట్ ముక్కు మూసుకొని, ఉడికిన బంగాళాదుంపతో కడుపు నింపుకొని, సబ్బు అరుగునట్లు చేతులు కడిగి, అస్ఖలితవ్రతుడై రణరంగము ప్రవేశించెను. ఎదుట శత్రువు గాలికి తల ఊపుచుండెను. అయితే యుద్ధమెక్కడ? ఆ కళాశాలలో వలయముగా కూర్చుండి మనసులోని మాట చెప్పుకొనక గడ్డిపోచనైనను కదల్చరాదు. శత్రువనుట న్యాయమా, అదియు పొట్ట చేతపట్టుకొని వచ్చినదే కదా యని ఒకడు ప్రశ్నింపగా, చప్పట్లకు మారుగా అందరును చిటికెలు వేసిరి. ‘పిలువని అతిథి’ యనుటకు ఏకాభిప్రాయము కుదురునప్పటికి ప్రొద్దు వాలెను. తరగతి ముగిసినట్లు గంట మ్రోగుటకు ఇక ఎంతో వ్యవధి లేదు.

ఎవరెట్ ఒక్క ఉరుకున పోయి ఆకు నలిపెను. వెల్లుల్లి కంపు గుప్పుమనెను. కాని పాలు తాగి నోరు కాలినవాడు మజ్జిగనైనను ఊదుకొని తాగును కదా. అతనికి తన చేతిపైననే నమ్మకము చాలలేదు. రెండవ చేతిని చాచెను.

“ఇనెజ్, ముందు నా చెయ్యి వాసన చూడు.”

ఆమె అతని మణికట్టు పట్టి, వాసన చూచి, పెదవి విరిచెను. “వెల్లుల్లేరా బాబూ. మళ్ళీ తిన్నావా?”

వీరునికి సంచి కళ్ళ ముందాడెను. “ఒట్టు, ముట్టుకోలేదు. బంగాళాదుంపే తిన్నాను.” అంతలో అనుమానము తట్టి అడిగెను. “అవునూ, నువ్వేం తిన్నావు?”

“రొట్టె. మూడు ముక్కలు.”

“అయితే నీ చేతులు వెనక్కి పెట్టుకుని చూడు.”

ఇనెజ్ చేతులు వెనుకకు కట్టుకొని మరల ముక్కు చాచెను. “సబ్బు. అబ్బా, ఎంత రుద్దావురా.”

అంతట ఎవరెట్ బురదలో మోకాళ్ళూని, కాండమూలసంధిని వ్రేళ్ళ నడుమ బిగించి, తొందరపడినచో తెగునని ఊపిరి బిగబట్టి, అటునిటు మెల్లగా కదల్చుచు, భూమాత గుప్పిట సడలువరకు ఓర్చి, గంట మ్రోగుచుండగా ఒక్క గుంజు గుంజగా, ఆ పిలువని అతిథి వంకర వేరు కొసతో సహా పైకి లేచెను. వీరుడు వెల్లకిల పడెను.

మార్గిట్ వచ్చెను. ఆకు వాసన చూచెను. అతని రెండవ చేతిని వాసన చూచెను. వేరు కొసను వ్రేలితో తడిమెను.

“పర్లేదు,” అనెను.

ఆ రాజ్యమున అంతకు మించిన బిరుదు లేదు. పిమ్మట ఆమె చెట్టు మాటునుండి వయొలెట్ మొలకల పళ్ళెమును తెచ్చి అతని ఒడిలో పెట్టెను. “వచ్చే వారం ఇవి నాటాలి. ఆ మడి నీదే, ఎవరెట్. సంచి ఇనెజ్ పట్టుకుంటుంది. మూడు ముక్కలట కదా.”

ఎవరెట్ కన్నులు చెమర్చెను. బురద పడినదని అందరితో చెప్పెను గాని, ఎవరును నమ్మలేదు.

వనమున పిలువని అతిథులు ఇంకను ఇసుక వేసిన రాలనంతగా నిలిచియుండిరి. పెరికినది ఒక్క మొక్క. అయినను, జనులారా, దిక్కులు పిక్కటిల్లునట్లు చాటుడు: బెత్తెడు వేరు, కొస తెగకుండ వచ్చినది. ఎవరెట్ గెలిచెను!