చడీచప్పుడూ లేని ఆల్బమ్

ఆ శనివారం ఉదయం గాయకుడి ప్లాను చాలా చిన్నది. స్నానం చేయడం, పాటలు రేడియో స్టేషనుకు పంపడం, ఆపైన పేరు ప్రఖ్యాతుల కోసం ఎదురుచూడడం.

ఇంటి వెనక గదికి నాలుగువైపులా పాత పరుపులు కొట్టి, దాన్నే స్టూడియో అనుకుని, అతనూ అతని రాక్ బృందమూ ఏడాదిపాటు చేసిన ఆల్బమ్ అది. పేరు ‘చడీచప్పుడూ లేకుండా’. గోడకు అవతలే నీళ్ళ పంపు. పాట మాంచి ఊపు మీద ఉన్నప్పుడే అది గుర్రుమనేది. అలా పాడైపోయిన రికార్డింగులన్నీ కంప్యూటర్లో ‘పంపు’ అనే ఫోల్డరులో పడేశాడు. బాగా వచ్చినవి ‘పాటలు’ అనే ఫోల్డరులో పెట్టుకున్నాడు.

నాన్నకు పెయింట్ల కొట్టు ఉంది. ఆయన ముందే తేల్చి చెప్పేశారు. "ఇది జనానికి నచ్చిందా, నీ ఇష్టం. లేదా, సోమవారం నుంచి కొట్లో కూర్చో." గాయకుడికి పెయింటు వాసన తగిలితేనే తుమ్ములు.

ఒంటినిండా సబ్బు రాసుకున్నాక అతనికి టైము గుర్తొచ్చింది.

"చెల్లీ! రేడియో వాళ్ళకి ఆ పాటల ఫోల్డరు పంపు!"

"ఏ ఫోల్డరు అన్నయ్యా?"

అతను మళ్ళీ అరిచాడు గానీ, షవరు హోరులో చెల్లెలికి చివరి మాట ఒక్కటే వినబడింది. "...పంపు!"

కంప్యూటరు తెరిస్తే ఎదురుగా ‘పంపు’. పొరపాటు పడకుండా పేరు కూడా రాసిపెట్టాడే అని అన్నయ్య తెలివికి మొదటిసారి మురిసిపోయి, పంపేసింది.

మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ రేడియో ముందు చేరారు. డ్రమ్మరు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. గిటారు మొదలైంది. వెంటనే గుర్రుమని హోరు. దాని మీద అమ్మ గొంతు: "ఒరేయ్, నిండిపోయిందిరా! పొంగిపోతోంది! ఎవరైనా కట్టేయండ్రా!"

గాయకుడి మొహం తెల్లబోయింది. "ఏం పంపావే?"

"‘పంపు’ అని నువ్వే కదా రాశావ్!"

"అది నీళ్ళ పంపే, తల్లీ!"

"నా డ్రమ్ములు ఏవిరా?" అని డ్రమ్మరు ఏడుపు మొహం పెట్టాడు.

గాయకుడు వెంటనే స్టేషనుకు ఫోన్ చేశాడు. "సార్, పొరపాటైంది. అందులో ఉన్నది పంపు!"

"తప్పకుండా పంపుతాం బాబూ! ఎన్ని మెచ్చుకోళ్ళు వస్తున్నాయో, అన్నీ పంపుతాం!" అని అనౌన్సరు ఫోన్ పెట్టేసి, మైకులో బొంగురు గొంతుతో అందుకున్నాడు. "హృదయం నిండి పొంగిపోతోందని, ఎవరైనా అడ్డుకట్ట వేయమని ఆ తల్లి వేడుకోలు... కన్నీళ్ళు ఆగలేదండీ."

"నేనన్నది ట్యాంకు గురించి కదా?" అంది అమ్మ.

"ఊరుకో, అద్భుతంగా పాడావ్," అన్నారు నాన్న.

సాయంత్రానికి పెద్ద హాల్లో కచేరీకి పిలుపు వచ్చింది. షరతు ఒక్కటే, అమ్మా పంపూ స్టేజి మీద ఉండాలి. గాయకుడికి పట్టలేనంత సంతోషం. చెల్లెల్ని ఎత్తి గిరగిరా తిప్పాడు.

"పంపు స్విచ్చి ఎవరు వేస్తారు?" అన్నాడు డ్రమ్మరు.

నాన్న గొంతు సవరించుకున్నారు. "అది నేను కొన్న పంపు. ఇంకెవరూ చెయ్యి వేయడానికి వీల్లేదు."

ఆదివారమంతా ఆయన స్విచ్చి వేస్తూనే ఉన్నారు. "తాళం తప్పుతున్నారు బాబాయ్, మళ్ళీ!" అని డ్రమ్మరు అరుస్తూనే ఉన్నాడు.

సోమవారం కొట్టు తెరవలేదు. నాన్నకు రిహార్సల్ ఉంది.