రెండు కిలోల గాలి

ఆ రోజుకి ప్యాకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే డ్రై ఐస్ తూకం రాయించడం, పదకొండింటికి ఆఫీసరు చేత పర్మినెంటు దరఖాస్తు మీద సంతకం పెట్టించుకోవడం, అంతే. మందుల గోదాములో పందొమ్మిదేళ్లుగా, చల్లదనానికి డ్రై ఐస్ వేసి వ్యాక్సిన్ పెట్టెలు కడుతున్నాడు. ఈ నెల దాటితే వయసు దాటిపోతుంది.

కొత్తగా వచ్చిన ఆఫీసరు దరఖాస్తు పక్కన పడేసి తూకం పుస్తకం తెరిచాడు.

"నిన్న సాయంత్రం పది కిలోలు. ఇప్పుడు ఎనిమిది. మిగతా రెండూ ఏవయ్యా?"

"గాలైపోయాయి సార్. ఇది కరగదు, నేరుగా గ్యాసైపోతుంది. రోజూ ఉండే తంతే."

"ఐస్ పోతే నీళ్లుండాలిగా! నేల చూడు, ఎంత పొడిగా ఉందో."

"డ్రై ఐస్ కదా సార్, పొడిగానే ఉంటుంది."

పక్క బల్ల గుమాస్తా కిసుక్కున నవ్వాడు. గుమాస్తా నవ్వాక ఆఫీసరుకి మెమో ఇవ్వక తప్పలేదు. దొంగతనానికి సంజాయిషీ ఇవ్వాలి.

ఇంట్లో మెమో చదివి భార్య నిట్టూర్చింది. "లోకంలో మగాళ్లు దొంగతనం చేస్తే ఇల్లన్నా నిండుతుంది. మీరు గాలి దొంగిలించారు."

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఆవిడ తమ్ముడు కాగితం ముందేసుకున్నాడు.

"చూడు బావా, డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. ఈ గ్యాసు నలభై నాలుగు గ్రాములైతే ఒక మోల్. మోల్ అంటే డజను లాంటిదే, కాకపోతే రాక్షస డజను. సున్నా డిగ్రీల దగ్గర ఒక్కో మోల్ ఇరవై రెండు పాయింట్ నాలుగు లీటర్ల చోటు తింటుంది. నీ రెండు కిలోలూ నలభై అయిదు మోల్స్ పైచిలుకు. అంటే వెయ్యి లీటర్లు దాటింది. అణువుల్లో అయితే ఇరవై ఏడు వేసి పక్కన ఇరవై నాలుగు సున్నాలు."

"సున్నాలెందుకురా? నా బతుకులో ఉన్నవి చాలవా?"

"ఉంటే కాగితానికి బరువు బావా!"

ఆ బరువే కొంప ముంచింది. మర్నాడు ఆఫీసరు సంజాయిషీని రెండుసార్లు చదివాడు.

"రెండు కిలోలకి మెమో ఇస్తే, వెయ్యి లీటర్లని నువ్వే ఒప్పుకుంటున్నావా?"

"రెండూ ఒకటే సార్. తూస్తే రెండు కిలోలు, వదిలేస్తే వెయ్యి లీటర్లు."

"మరి ఈ సున్నాలు?"

"లెక్కపెడితే అన్ని సార్."

"అంటే లెక్కపెట్టి మరీ తీశావన్నమాట!"

గోరంతది కొండంతయింది. పోయింది అవే రెండు కిలోలు, కొలత మారినకొద్దీ దొంగతనం పెరిగింది. పై ఆఫీసుకి ఫోను వెళ్లింది. దొంగను పట్టడానికి ఆఫీసరు ఒక ఇనప డ్రమ్ము తెప్పించి, పది కిలోల డ్రై ఐస్ పోయించి, మూతకి బోల్టులు బిగించి, తాళం వేసి కాటా మీద పెట్టించాడు.

"గాలి పోయే సందుండాలి సార్. పేలుతుంది."

"బెదిరిస్తున్నావా?" అని అదీ మెమోలో చేర్చాడు.

గంట గడిచినా కాటా మీద అంకె కదల్లేదు. ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. "చూశావా! తాళం వేస్తే గ్రాము తగ్గలేదు. తాళం లేనప్పుడు తగ్గించేదెవరో తేలిపోలేదూ?"

దరఖాస్తు లాక్కుని కొట్టేయడానికి ఎర్ర పెన్ను తీశాడు. పోయేందుకు దారిలేని గాలి బరువు పోదని ప్యాకర్ చెప్పబోయాడు. అంతలో మూత కడుపుతో ఉన్నట్టు ఉబ్బి మూలిగింది. ప్యాకర్ ఆఫీసరు చెయ్యి పట్టుకుని గోడ వెనక్కి ఈడ్చాడు. ఢామ్మని మూత లేచి, పైకప్పు రేకు చీల్చుకుని వెళ్లిపోయింది.

తెల్లటి పొగలో కాటా అంకెలు గ్రాము గ్రాముగా తగ్గుతున్నాయి. డ్రమ్ము కొండీకి తాళం మాత్రం వేసినట్టే ఉంది. పందొమ్మిదేళ్లలో మొదటిసారి ప్యాకర్‌కి ఒక సాక్షి దొరికింది, అదీ పైకప్పుకి పడిన చిల్లు.

పై ఆఫీసు వాళ్లొచ్చారు. ఆఫీసరు తొణక్కుండా నివేదిక చదివాడు. నలభై నాలుగు గ్రాములు, ఒక మోల్, వెయ్యి లీటర్లు, ఇరవై నాలుగు సున్నాలు, ఒక్కటీ వదల్లేదు. డ్రమ్ము ఆయన చేసిన ప్రయోగమైంది. చప్పట్లు మోగాయి. ఆయన్ని భద్రతా విభాగానికి పెద్దను చేశారు.

వారం తర్వాత ప్యాకర్‌కి కవరొచ్చింది. పర్మినెంటు ఉత్తర్వేమోనని చేతులు తుడుచుకుని విప్పాడు.

"మీ సంజాయిషీ ఇంతవరకు అందలేదు. మూడు రోజుల్లో పంపనిచో దరఖాస్తు రద్దగును. ఆఫీసరు గారి నివేదిక చూసి కాపీ కొట్టరాదు."